ఎదురుగా పరిగెత్తిన మనిషి

సత్యవతి గారు పోయారన్న వార్త నాకు ఎవరూ మోసుకురాలేదు. నా కళ్ళెదుటే జరిగింది. చూసి కూడా చాలాసేపు నమ్మలేకపోయాను. నిత్యం సూర్యోదయానికి ముందే లేచి, కొల్లేటి గాలి గుండెల నిండా పీల్చుకుని, కైకలూరు నుంచి ఏలూరు వెళ్ళే రోడ్డు మీద చిరునవ్వుతో పరిగెత్తిన ఆ ఉత్సాహమూర్తి, మొన్నామధ్య ఒక ఆదివారం పొద్దున అదే రోడ్డు అంచున మంచులో నిశ్చలంగా పడి ఉన్నారు. ఆ తడి ఆరకముందే ఆవిడ గురించి పత్రికలో ఒక అబద్ధం అచ్చయింది. సంతాపసభలో అదే అబద్ధాన్ని మైకులో చదివారు. అందుకే ఏడవవలసిన చోట నాకు కోపం వచ్చి కూర్చుంది. సంస్మరణ వ్యాసంలో ఆగ్రహం శోభించదని పెద్దలంటారు. శోభించకపోతే మానె, నేను రాసేది శోభ కోసం కాదు.

ఆవిడను ఎరగని పాఠకుల కోసం నాలుగు మాటలు చెప్పాలి. కైకలూరులో చేపల చెరువుల రైతులకు వలలు, తాళ్ళు, మేత వేలాడగట్టే సంచులు అమ్మే పాత కొట్టు ఒకటుంది. దాని యజమాని సుబ్బారావు గారు, ఆయన ధర్మపత్ని సత్యవతి గారు. తరతరాల వర్తక కుటుంబం. ముప్పయ్యేళ్ళు ఇద్దరూ ఆ కొట్లోనే కూర్చున్నారు, ఆయన గల్లాపెట్టె దగ్గర, ఆవిడ వలల దగ్గర. ఒక్కగానొక్క కూతురు తాడేపల్లిగూడెంలో కాపురముంటోంది. నేను ఇక్కడి జూనియర్ కాలేజీలో తెలుగు చెప్పుకునేదాన్ని. పరుగులో ఆవిడ శిష్యురాలిని. ఈ వ్యాసం రాయడానికి నాకున్న అర్హత అదొక్కటే.

యాభై దాటాక పరుగెలా పట్టుకుందని అడిగితే ఆవిడ చెప్పే కథ ఒకటుంది. "మా ఆయనకి షుగరొచ్చిందండీ. ఏలూరు డాక్టరు గారు పొద్దున్నే నడవమన్నారు. ఒక్కరూ వెళ్ళనంటే తోడెళ్ళానండీ. నెల తిరక్కుండా ఆయన మానేశారు. నాకు షుగరు లేదు గానీ నడక అంటుకుంది" అనేవారు. ఒకరోజు నడుస్తుండగా వాన మొదలైందట. తడవకుండా ఇంటికి చేరుదామని పరిగెత్తారు. గుమ్మం వచ్చింది గానీ ఆగబుద్ధి కాలేదు. ఇల్లు దాటి, కొట్టు దాటి, ఊరు దాటి వెళ్ళిపోయారు. నిలువునా తడిసి తిరిగొస్తే సుబ్బారావు గారు తువ్వాలు అందించి, "ఏం పోయిందని ఆ పరుగు?" అన్నారట. "ఏం పోలేదండీ, ఏదో దొరికింది" అన్నారట ఈవిడ.

ఊరు ఊరుకుంటుందా? షావుకారు గారి ఇంటావిడ పంజాబీ డ్రెస్సు వేసుకుని, తెల్లారకుండా రోడ్డు మీద పరుగులు పెట్టడం ఎంతమందికి అజీర్తి చేసిందో లెక్కలేదు. టీ కొట్టు దగ్గర ఎవరో అడిగారు, "ఏవండీ అమ్మగారూ, బస్సు తప్పిపోయిందాండీ?" అని. "లేదండీ, బస్సే వెనకబడింది" అని ఆవిడ ఆగకుండా వెళ్ళిపోయారు. పేరంటాల్లో ఆడవాళ్ళు తక్కువ తిన్నారా? "ఈ వయసులో మీకెందుకు వదినగారూ ఈ అవస్థ" అని పసుపు రాస్తూనే పొడిచారు. "ఈ వయసు మాత్రం మళ్ళీ వస్తుందాండీ" అని ఆవిడ తాంబూలం పుచ్చుకున్నారు. ఒక్కరి మీదా గొంతు పెంచింది లేదు.

ఇక్కడ ఆవిడ స్వభావంలోని ఒక విశేషాన్ని ప్రత్యేకించి చెప్పాలి. చివరికి ఆవిడ ప్రాణం మీదికి తెచ్చింది అదే. సత్యవతి గారి నోట 'కుదరదు' అన్న మాట నేను వినలేదు. మా గోదావరి వైపు వాళ్ళ మర్యాద జగత్ప్రసిద్ధం, అందులోనూ ఆవిడది పండిపోయిన మర్యాద. చెరువు గట్ల మీద కాపలా కుక్కలు మొరుగుతూ మీద పడితే, నేను రాయి కోసం వంగేదాన్ని. ఆవిడ మాత్రం "వెళ్ళండి, వెళ్ళండి, మేం మీ చేపలకి రాలేదండీ" అని కుక్కను కూడా మీరు అని మన్నించేవారు. అవి నిజంగానే వెళ్ళిపోయేవి. ఎవరైనా వద్దన్న పని మీద మనసుంటే ఆవిడ ఎదురు చెప్పేవారు కాదు. "చూద్దాంలెండి" అనేవారు. అని, తను చేసేది తను చేసేవారు. సుబ్బారావు గారు పరుగు మానమన్న ప్రతిసారీ "చూద్దాంలెండి" అన్నారు. మర్నాడు పొద్దున బూట్లు కట్టుకున్నారు. ఆ ఒక్క మాట అడ్డం పెట్టుకునే ఆవిడ ముప్పయ్యేళ్ళ కాపురం నెట్టుకొచ్చారు.

నేను ఆవిడ వెంట పడింది వెన్నునొప్పికి. మొదటిరోజే ఆవిడను దాటేసి, టీ కొట్టుకు నాలుగడుగుల అవతల గసపోసుకుంటూ కూలబడ్డాను. ఆవిడ నెమ్మదిగా వచ్చి పక్కన నిలబడ్డారు. "మేడం గారూ, మొదట్లో వెనకబడటం నేర్చుకోండి. మొదట్లో వెనకబడలేనివాళ్ళు చివర్లో నిలబడలేరండీ" అన్నారు. తరగతిలో నేను ఎన్నో సుభాషితాలు వల్లె వేయించాను. నా ఒంటికి పట్టింది మాత్రం ఈ ఒక్కటే. అయినా నా దూకుడు పూర్తిగా తగ్గలేదు, ఆవిడ నిదానం నాకు రాలేదు. ఎప్పుడూ నేను ముందు ఉరికేదాన్ని, ఆవిడ వెనక నింపాదిగా వచ్చేవారు, చివరికి ఇద్దరిలో ఆవిడే ముందు ఇల్లు చేరేవారు.

రెండో పాఠం, అసలు పాఠం, రోడ్డుకు కుడి పక్కన పరిగెత్తడం. అంటే వచ్చే బండ్లకు ఎదురుగా. నాకు మొదట చాలా వింతగా అనిపించింది. చిన్నప్పటి నుంచి ఎడమ పక్కన వెళ్ళు, ఎడమ పక్కన వెళ్ళు అని విని పెరిగినదాన్ని. "అది బండ్లకండీ, మనుషులకి కాదు" అన్నారావిడ. "ఎదురుగా వెళితే డ్రైవరు మన మొహం చూస్తాడు, మనం ఆయన్ని చూస్తాం. మొహం చూసినవాడు బ్రేకు వేస్తాడండీ. వీపు చూసి ఎవరూ బ్రేకు వెయ్యరు." దీనికి ఇంకో కారణం కూడా చెప్పారు. కైకలూరు నుంచి ఐసులో చేపలు నింపుకున్న లారీలు ఏలూరు వైపు వెళ్ళేటప్పుడు ఎడమ అంచంతా నీళ్ళు కారుస్తూ పోతాయి. ఆ నీచు నీళ్ళలో కాలు వేస్తే జారడం ఖాయం. ఖాళీ చేసుకుని తిరిగొచ్చే పక్క పొడిగా ఉంటుంది. "నిండు లారీల పక్క తడండీ, ఖాళీ లారీల పక్క పొడి. తెలిసి తెలిసి తడిలో దిగుతామా? తిరిగొచ్చేసరికి ఎండకి ఆ పక్కా ఆరిపోతుంది." అన్నారు. ఇందులో అర్థం కాని భాగం ఏదైనా ఉందా? మా ఊరి పెద్దమనుషులకు మాత్రం ఇన్నేళ్ళయినా అర్థం కాలేదు.

ఎదురొచ్చే ప్రతి బండికీ ఆవిడ చెయ్యి ఎత్తేవారు. ఐసు లారీల డ్రైవర్లందరికీ ఆవిడ తెలుసు. దూరం నుంచే లైటు తగ్గించి, ఒక పక్కకు జరిగి వెళ్ళేవారు. కొందరు కిటికీలోంచి "ఆయ్, అమ్మగారూ!" అని పలకరించేవారు. ఆ రోడ్డు మీద అంత గౌరవం ఏ నాయకుడి కారుకూ దక్కడం నేను చూడలేదు.

తాడేపల్లిగూడెం పందెం సంగతి చెప్పకపోతే ఆవిడ బొమ్మ సగమే గీసినట్టు. కూతురు ఉండే ఊరు కదా అని అక్కడ జరిగిన ఇరవై ఒక్క కిలోమీటర్ల పరుగుకు వెళ్ళాం. పెద్ద వయసు వాళ్ళ విభాగంలో మగవాళ్ళలో మొదటివాడికి మంచి బూట్లు ఇచ్చారు. ఆడవాళ్ళలో మొదటి బహుమతి సత్యవతి గారిది. కుక్కరు ఇచ్చారు. చప్పట్లు కొట్టారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆవిడ కుక్కరు అందుకుని, నమస్కారం పెట్టి, మైకు దగ్గరికి వెళ్ళారు. "చాలా సంతోషమండీ. మా ఇంట్లో కుక్కర్లు మూడున్నాయి. ఇవాళ పరిగెత్తింది కాళ్ళండీ, చేతులు కాదు. వచ్చే ఏడాది కాళ్ళకి ఏమైనా ఇప్పించండి" అని దిగిపోయారు. జనం నవ్వారు. బహుమతులిచ్చే పెద్దాయన కూడా నవ్వారు, ఎందుకు నవ్వుతున్నారో ఆయనకు తెలియదు. కూతురింటికి వెళ్ళే దారిలో ఆటోలో ఆ కుక్కరు ఒళ్ళో పెట్టుకుని, "అల్లుడికిద్దామండీ, ఆయనకి వంట రాదు" అన్నారు ఆవిడ.

బూట్ల మాట వచ్చింది కాబట్టి ఇది కూడా. బూటు తాళ్ళు దారిలో ఊడిపోతున్నాయని ఆవిడ వాటిని తీసిపారేసి, కొట్లో వల అల్లే నైలాను తాడు ఎక్కించుకున్నారు. వల వేసేవాళ్ళు వేసే ముడి వేసేవారు. నీళ్ళలో నానినా జారని ముడి అది. ఆవిడకు పెళ్ళయిన కొత్తలో సుబ్బారావు గారు నేర్పిందట. పరుగంటే ఆయనకు గిట్టదు గానీ, ముడి సరిగ్గా పడిందో లేదో పొద్దున్నే అరుగు మీద కూర్చుని ఒక చూపు చూసేవారు. నేను చాలాసార్లు గమనించాను.

ఆవిడ కోరిక ఒకటే ఉండేది. నలభై రెండు కిలోమీటర్లు, పూర్తి మారథాన్, విశాఖపట్నంలో సముద్రం పక్కన. నేను అందులో సగం దూరానికే ఒప్పుకున్నాను. నెలల తరబడి తయారీ జరిగింది. వారం మధ్యలో చెరువు గట్ల మెత్తటి మట్టి మీద చిన్న పరుగులు, ఆదివారం తారు రోడ్డు మీద పెద్ద పరుగు. ఉప్పు వేసిన మజ్జిగ సీసా ఒకటి పట్టుకుని, బెల్లం ముక్కలు కొంగున కట్టినట్టు చున్నీ చివర మూట కట్టుకుని బయల్దేరేవారు. సగం దూరం దాటాక కాళ్ళు మొరాయిస్తే ఏం చేస్తారని అడిగాను. "ఎదురుగా వచ్చేవాళ్ళ మొహాలు చూస్తానండీ. ఒక్కో మొహం ఒక్కో ఫర్లాంగు లాక్కెళుతుంది" అన్నారు. సముద్రం పక్కన పరిగెడితే గాలి ఎటునుంచి వస్తుందో అని మాత్రం బెంగ పెట్టుకున్నారు. ఆ గాలి ఆవిడ చూడనే లేదు.

ఇక మా ఊరి వాకర్స్ సంఘం. దీని అధ్యక్షులవారి పేరు రాయను. రాస్తే ఫొటో కూడా వేయలేదేమని అడుగుతారు. ఆయన చెడ్డవారు కారు, అదే వచ్చిన చిక్కు. చెడ్డవాళ్ళకు మనం 'పో' అని చెప్పగలం. ఆయన చేతులు జోడించి మాట్లాడే రకం. సత్యవతి గారు మారథానుకు వెళుతున్నారని తెలియగానే, ఊరికి పేరొస్తుందని సంఘం తరఫున ఒక ఆదివారం సన్నాహక పరుగు ఏర్పాటు చేశారు. పసుపు టీషర్టులు, ముందు మైకు కట్టిన వ్యాను, అందులో ఫొటోగ్రాఫరు. ఇన్నాళ్ళూ బస్సు తప్పిపోయిందా అని వెక్కిరించిన వాళ్ళే టీషర్టులు తొడుక్కుని ముందు వరసలో నిలబడ్డారు.

ఆ పొద్దున కొల్లేటి మీద మంచు దట్టంగా ఉంది. అధ్యక్షులవారు మైకులో ప్రకటించారు. అందరూ ట్రాఫిక్ నిబంధనలు పాటించాలి, అందరూ రోడ్డుకు ఎడమ పక్కనే వరసగా పరిగెత్తాలి. సత్యవతి గారు ముందుకొచ్చి, "నేను అవతల పక్కనుంచి వస్తానండీ, నాకలవాటు" అన్నారు. "అమ్మా, నలుగురూ ఒక దారైతే మీరొక దారైతే బాగుంటుందాండీ? ఫొటోలో కూడా వరస చెడుతుంది" అన్నారాయన. "చూద్దాంలెండి" అన్నారు ఈవిడ. ఏ రోజైనా ఆ మాట చాలేది. ఆ రోజు చాలలేదు. ఆయన మైకు పక్కన పెట్టి, అందరి ఎదుటా రెండు చేతులూ జోడించారు. "అమ్మా, పెద్దవారు మీరు. ఈ ఒక్కసారికి మా మాట మన్నించండి." జోడించిన చేతులు దించలేదు. అందరూ చూస్తున్నారు. సత్యవతి గారి మొహం ఎర్రబడింది. "అయ్యో, అంత మాట ఎందుకండీ" అని ఎడమ పక్కకు వచ్చి నిలబడ్డారు. ఫొటో తీశారు.

మర్యాద మనిషిని బతికిస్తుందంటారు. ఆ రోజు మర్యాద ఒక మనిషిని తీసుకెళ్ళి తడి రోడ్డు మీద, బండ్లకు వీపు పెట్టి నిలబెట్టింది.

వ్యాను ఫొటోలు తీసుకుంటూ ముందుకు వెళ్ళిపోయింది. టీషర్టుల వాళ్ళు సగంలో సగం దూరానికే టిఫిన్ల దగ్గర ఆగిపోయారు. నేను అలవాటుగా ముందు ఉరికి, సగం మారథానుకు తయారయ్యే నాలాంటి వాళ్ళు వెనక్కి తిరగాలని వంతెన దగ్గర పెట్టిన గుర్తు చుట్టి, వెనక్కి తిరిగాను. కొంత దూరం రాగానే మంచులోంచి ఆవిడ పసుపు టీషర్టు కనిపించింది. నాకు ఎదురుగా, రోడ్డుకు అవతల అంచున, తన మామూలు నిదానంతో వస్తున్నారు. ఆవిడ వెనక మంచులో ఒక లైటు కనిపించింది. చెరువులకు చేపల మేత చేరవేసే వ్యాను. దారి పక్కకు, ఇంకా పక్కకు జరుగుతూ వస్తోంది. నేను అరిచాను. ఒంట్లో ఉన్న శక్తంతా పెట్టి అరిచాను. ఆవిడ నన్ను చూశారు. పలకరిస్తున్నానేమో అనుకుని, ఎదురొచ్చే వాళ్ళకు ఎప్పుడూ ఎత్తినట్టే, నవ్వుతూ చెయ్యి ఎత్తారు.

డ్రైవరు రాత్రంతా బండి నడుపుతూనే ఉన్నాడట. ఆ మంచులో మనిషి వీపు కనపడలేదన్నాడు. అతని మీద కేసు నడుస్తోంది, నడవాలి.

ఏలూరు ఆసుపత్రిలో చేసేదేమీ లేదన్నారు. బూట్లు విప్పబోతే ఆ ముడి అక్కడ ఎవరికీ లొంగలేదు. ఒకావిడ కత్తెర తెచ్చింది. "కొయ్యకండమ్మా, నాకొచ్చు" అని సుబ్బారావు గారు నేల మీద కూర్చుని, రెండు ముళ్ళూ తన చేత్తో విప్పారు. ఆయన ఏడవలేదు. ఆ తాళ్ళు చుట్ట చుట్టి జేబులో పెట్టుకున్నారు.

మర్నాడు పత్రికలో వార్త వచ్చింది. రాంగ్ సైడులో పరిగెడుతూ మహిళ మృతి. సంఘం ఎన్నోమార్లు హెచ్చరించినా ఆమె ఎదురు పరుగు మానలేదని కింద రాశారు. నేను విలేకరికి ఫోన్ చేస్తే, "సంఘం వాళ్ళిచ్చిన ప్రకటనే మేడమండీ, వేసేశాం" అన్నాడు. ఆవిడ ఎదురుగా పరిగెడతారని ఊరందరికీ తెలుసు కాబట్టి అబద్ధం చక్కగా అతికింది. ఎవరూ గీరి చూడలేదు. ఊళ్ళో నాలుక ఉన్న ప్రతివారూ "చెబితే వినాలి కదండీ" అన్నారు. నిన్న ఈవిడ పక్కన ఫొటో దిగినవాళ్ళు కూడా అన్నారు, సిగ్గు లేకుండా.

అంతకంటే ఘోరం ఏమిటంటే, సుబ్బారావు గారు కూడా నమ్మారు. నేను ఇంటికి వెళ్ళేసరికి ఆ పత్రిక ఒళ్ళో ఉంది. "చూశారా మేడం గారూ, ఎదురు పరుగు వద్దే అని నెత్తీ నోరూ కొట్టుకున్నానండీ. విందా? మొండిది. తన మొండితనంతో తను పోయింది, నన్నిలా కూర్చోబెట్టింది" అన్నారు. పోయిన భార్యను తిట్టుకుంటూ ఆ మనిషి మిగిలిన బతుకంతా బతకబోతున్నాడు. నాకది భరించరానిదిగా తోచింది.

"ఆవిడ ఎదురుగా లేరండీ" అన్నాను. "ఎడమ పక్కనే ఉన్నారు. బండి వెనక నుంచి వచ్చింది."

ఆయన తల అడ్డంగా ఊపారు. "అది ఆ పక్కన పరిగెత్తదండీ. చచ్చినా పరిగెత్తదు" అన్నారు. జరిగింది జరిగినట్టు చెప్పాను. చేతులు జోడించడం, ఈ ఒక్కసారికి అనడం, ఫొటో. ఆయన పత్రిక మడిచి కింద పెట్టారు. "ముప్పయ్యేళ్ళు నా మాట వినలేదండీ" అన్నారు. "నేను ఒక్కసారైనా చేతులు జోడించి అడగాల్సింది కాబోలు, ఇంట్లో ఉండమని." అప్పుడు ఏడ్చారు.

సంతాపసభ కల్యాణమండపంలో పెట్టారు. వేదిక వెనక పెద్ద ఫ్లెక్సీ. దాని మీద వేసింది ఏ ఫొటో అనుకున్నారు? ఆ ఆదివారం వ్యానులోంచి తీసిందే. అందరూ రోడ్డుకు ఎడమ అంచున వరసగా, మధ్యలో సత్యవతి గారు. ఆ ఫొటో కింద నిలబడి అధ్యక్షులవారు మాట్లాడారు. మాతృమూర్తి, ఆదర్శ గృహిణి, సంఘానికి తీరని లోటు అన్నారు. "అయితే ఒక్క లోపం, మొండితనం. ఎదురు పరుగు వద్దమ్మా అని చిలక్కి చెప్పినట్టు చెప్పాం. విధి వినిపించుకోనివ్వలేదు" అన్నారు. చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. ఇక్కడ కళ్ళు చారెడు చేసి, తప్పు దోసెడు చేశారు. విధి అట, విధి! ఆ పొద్దున మైకు పట్టుకున్నది విధి కాదు.

సుబ్బారావు గారు లేచారు. "అధ్యక్షులు గారూ, ఒక్క మాట అడగొచ్చాండీ?"

"అడగండి సుబ్బారావు గారూ, మీ బాధ మాకు తెలుసు."

"మా ఆవిడ ముప్పయ్యేళ్ళు నా మాట వినలేదండీ. ఆ రోజు ఎవరి మాట విందో చెప్పండి, చాలు."

ఆయన ఫ్లెక్సీ వైపు చెయ్యి చూపించారు. "ఆ బొమ్మలో ఏ పక్కన ఉందో చూసి చెప్పండి." అందరి తలలూ అటు తిరిగాయి. ఒక్కసారి చూసి, మళ్ళీ ఎవరి చెప్పుల వైపు వాళ్ళు చూసుకున్నారు. గుమ్మడికాయల దొంగ అనకముందే అధ్యక్షులవారు భుజాలు తడుముకున్నారు. "నేను బలవంతం చేశానాండీ? మర్యాదగా అడిగాను, అంతే కదా" అన్నారు. నేను లేచి, జరిగిందంతా చెప్పాను. నాతో పాటు ఆ పొద్దున అక్కడున్న వాళ్ళు సభ నిండా ఉన్నారు. ఒక్కరు లేవలేదు. ఎవరో మైకు అందుకుని రెండు నిమిషాలు మౌనం పాటించమన్నారు. అసలు ఆ సభ పెట్టిందే మౌనానికి. తరవాత టీలు ఇచ్చారు.

ఆ తరవాతి ఆదివారం మళ్ళీ రోడ్డెక్కాం. కాలేజీలో నా తోటి అధ్యాపకులు ఇద్దరు, నేను. సుబ్బారావు గారు కూడా చెప్పులేసుకుని వచ్చారు. ఎన్నో ఏళ్ళ కిందట డాక్టరు చెప్పి, నెల తిరక్కుండా మానేసిన నడక అది. ఎవరూ ఏమీ అనుకోకుండానే నలుగురం కుడి పక్కకు దాటాం. ఎదురుగా ఏలూరు నుంచి ఖాళీ ఐసు లారీ ఒకటి వస్తోంది. లైటు తగ్గింది, పక్కకు జరిగింది, మమ్మల్ని దాటబోయి ఆగింది. డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి మా మొహాలు ఒక్కొక్కటే వెతికాడు. పది రోజులుగా ఒడిశా వైపు తిరిగి ఆ పొద్దునే వస్తున్నాడట.

"అమ్మగారు రాలేదాండీ?"

సుబ్బారావు గారే చెప్పారు. "పోయిందండీ. బండి గుద్దింది, ఈ రోడ్డు మీదే. వెనక నుంచి."

అతను తలకు చుట్టిన తువ్వాలు తీశాడు. "అమ్మగారు ఎదురొచ్చే మనిషి కదండీ" అన్నాడు. "ఎదురొచ్చే మనిషిని వెనక నుంచి ఎలా గుద్దుతారండీ?"

పత్రిక వాళ్ళు అడగలేదు. సంఘం అడగలేదు. కల్యాణమండపం నిండా కూర్చున్న పెద్దమనుషుల్లో ఒక్కరికీ ఈ ప్రశ్న తట్టలేదు. ఆవిడ మొహం చూసినవాడికి తట్టింది.

"ఆ ఒక్కరోజూ అటు నిలబెట్టారండీ" అన్నారు సుబ్బారావు గారు. లారీ అతను ఇంజను ఆపి, మేం దూరం వెళ్ళేదాకా అక్కడే ఉన్నాడు.

అమ్మా సత్యవతి గారూ, ఈ రోడ్డు మీద మీ స్థానం ఎవరూ నింపలేరు, నింపామని ఎవరైనా ఫ్లెక్సీ కడితే నేను చింపుతాను. విశాఖపట్నానికి నేను వెళుతున్నాను. సగం కాదు, నలభై రెండూ పరిగెడతాను, ఎన్ని గంటలైనా పట్టనివ్వండి. మీరు రాంగ్ సైడున పోలేదని, మమ్మల్ని నమ్మి మా పక్కకు వచ్చి పోయారని, ఎవరు అడిగినా అడగకపోయినా చెబుతాను. వచ్చే ఏడాది కూడా సంఘం పరుగు పెడుతుంది, మీ పేరే పెడుతుంది. మైకు పక్కన పెట్టి ఎవరో ఒకరు నా ముందు చేతులు జోడిస్తారు, ఈ ఒక్కసారికి అంటారు. మీ నోట ఏనాడూ రాని మాట అప్పుడు మీ బదులు నేనంటాను.

కుదరదండీ.